షమీమ్ డ్రోన్ ఎగరేసే పద్ధతి

నెల్లూరు నుంచి వాకాడు పోయే తొలి బస్సులో షమీమ్ కిటికీ పక్కన కూర్చోదు. అక్కడ ఆమె సంచీ కూర్చుంటుంది. పక్క సీటులో తను కూర్చుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు దాని మీద ఒక చెయ్యి వేసి ఉంచుతుంది. సంచీ కింద పెట్టమని కండక్టర్ అడిగితే, దానికీ ఒక టిక్కెట్టు కొట్టమంటుంది. నవ్వదు కాబట్టి, ఆమె అన్నది వేళాకోళమో నిజమో తేల్చుకోలేక కండక్టర్లు ముందుకు వెళ్ళిపోతారు.

ఆ ఫిబ్రవరిలో ఆమెతో నడకకు రావడం ఉషారాణికి నాలుగోసారి. ఇద్దరిదీ ఒకటే వీధి. ఉషారాణి ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పుట్టింది మనుబోలు దగ్గర వరి పండించే ఇంట్లో. నడవడానికి పొలం గట్లు ఉండగా సముద్రం ఒడ్డున ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ పోవడమేమిటని మొదట్లో ఆమె ఇంటివాళ్ళందరూ నవ్వారు. ఇప్పుడు నవ్వడం మాని, ఈసారి ఎక్కడికని అడుగుతున్నారు.

సంచీలో ఉండేది పావుకిలో కూడా తూగని చిన్న కెమెరా డ్రోన్. రెక్కలు మడిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. దానికి తోడు రెండు బ్యాటరీలు, విడి రెక్కలు, రిమోట్, చుట్టచుట్టిన చిన్న ఈతచాప, నీళ్ళసీసాలు, ఒక జత బట్టలు, డబ్బాలో పులిహోర. డ్రోన్ పెట్టుకునే అరను షమీమ్ సొంతంగా కుట్టుకుంది. వాళ్ళది పరుపులు కుట్టే దూదేకుల ఇల్లు. తల్లి సుల్తాన్‌బీ పక్కన కూర్చుని చిన్నప్పటి నుంచే దూది కూరి టాకాలు వేసిన చేయి ఆమెది. డ్రోన్‌తోపాటు వచ్చిన గట్టి పెట్టె నడకలో వీపుకు గుచ్చుకుంటుందని పక్కన పడేసి, పాత పరుపు గుడ్డ మడతల్లో దూది కూరి, యంత్రం ఒంపులకు సరిపోయేలా గూడు చేసింది. ఒకసారి పెంచలకోన కొండ దిగుతూ రాళ్ళ మీద జారి వెల్లకిలా పడింది. ఆమె మోచెయ్యి చీరుకుపోయింది కానీ డ్రోన్‌కు గీత కూడా పడలేదు. ఆ సంగతి చెప్పినప్పుడు తల్లి నేర్పిన కుట్టుపనిని మెచ్చుకున్నట్టే చెబుతుంది, మోచెయ్యి మాట ఎత్తదు.

భర్త ఆసిమ్‌తో కలిసి ఆమెకు నెల్లూరులో పెళ్ళి వీడియోల షాపు ఉంది. మండపాల మీద తిప్పే డ్రోన్ వేరు, అది పెద్దది, బరువు. ఆసిమ్ షాపులో కూర్చుని వీడియోలు కత్తిరించి అతికిస్తాడు. ఎండలో నిలబడి తీసేది షమీమ్. షుగరు వచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెప్పాక కొన్నాళ్ళు పార్కులో తిరిగింది. గానుగెద్దులా అక్కడక్కడే తిరగడం తన వల్ల కాదని, ఒక సెలవునాడు మైపాడు బస్సెక్కి, తీరం వెంబడి దక్షిణంగా నడిచింది. అలసిపోయిన చోట ఆగి ఆటో పట్టుకుని ఇంటికి వచ్చింది. తర్వాతి నెల ఆగిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. అలా ముక్కలు ముక్కలుగా తీరమంతా నడిచేసి, ఇప్పుడు నచ్చిన ముక్కలను తిరిగి నడుస్తోంది.

డ్రోన్‌ను నడకకు తెచ్చుకోవడం మొదలుపెట్టింది కూడా సోకుకు కాదు. ఈ తీరంలో నాలుగడుగులు వేస్తే ఏదో ఒక ఏరు అడ్డొస్తుంది. అది సముద్రంలో కలిసే మొగ ఒక నెల ఇసక మేట వేసి మూసుకుపోతుంది, మరో నెల తెగిపోయి మనిషిలోతు పారుతుంది. పోయి చూసి వెనక్కి రావడమంటే ఒక పూట వృథా. డ్రోన్‌ను పైకి లేపితే దారి ఉందో లేదో ఉన్నచోటే తెలిసిపోతుంది. ఓడరేవు దగ్గర, రాకెట్ కేంద్రం వైపు మాత్రం ఆమె దాన్ని సంచీలోంచి తీయదు. అక్కడ ఎగరేయకూడదు, ఎగరేయదు, అంతే.

ఉషారాణిని మొదటి రోజు నుంచీ ఆకట్టుకున్నది ఆ ఎగరేసే పద్ధతి. ఈతచాప పరిచి, ఇసక రేగి మోటార్లలో పడకుండా దాని మీంచి లేపడం ఒకటి. అంతకన్నా ముందు ఆమె చేసే పని ఇంకొకటి ఉంది. చుట్టుపక్కల మనుషులెవరైనా ఉంటే వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి, యంత్రం చూపించి, ఎందుకు లేపుతున్నదో చెప్పి, సరేనంటేనే లేపుతుంది. వద్దన్నవాళ్ళతో వాదించదు. పెరట్లో నీళ్ళు పోసుకునే ఆడవాళ్ళు, ఆరేసిన బట్టలు, చాటున కూర్చున్న జంటలు తెరలో కనిపిస్తే కెమెరా తిప్పేస్తుంది.

"పైనుంచి చూస్తే ఊళ్ళో వాళ్ళ పెరళ్ళన్నీ మనయే అనిపిస్తాయిమే. దీంతో వచ్చే రోగం అదే," అని మొదటి నడకలోనే ఉషారాణికి చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. తెరలో ఏం కనిపించినా అటువైపు వేలు చూపించకూడదు. అడిగినప్పుడు ఉషారాణి తలూపింది కానీ, అదంత పెద్ద విషయమని అనుకోలేదు.

ఆ ఫిబ్రవరి ఉదయం వాళ్ళు వాకాడులో ఆటో ఎక్కి సముద్రం పక్కనున్న ఒక పట్టపుపాలెంలో దిగారు. అక్కడి జాలరి ముత్యాలయ్య ఇల్లు షమీమ్‌కు ఎప్పుడూ మజిలీ. ఆ వైపు ఆడవాళ్ళు ధైర్యంగా నడుం వాల్చగలిగిన చోటు అదొక్కటే. ముత్యాలయ్య పొడుగాటి మనిషి, మాట తక్కువ. భార్య అంకాలమ్మ ఆ కొరత కూడా తనే తీరుస్తుంది. టీ ఇస్తూ ఆ పూట సంగతంతా ఆమే చెప్పుకొచ్చింది.

ఆ ఒడ్డున అలివి వలలు రెండు. ఒకటి ముత్యాలయ్య జట్టుది, రెండోది ఆండ్రూ జట్టుది. వల ఒక కొస తాడు ఒడ్డున పట్టుకుని, మిగతా వలను పడవలో తీసుకుపోయి నీళ్ళలో అర్ధచంద్రంగా వేసి, రెండో కొస ఒడ్డుకు తెస్తారు. తర్వాత రెండు తాళ్ళూ పట్టి జనమంతా లాగుతారు. ఒడ్డు ఒకటే గనక వంతులు పెట్టుకున్నారు. ఒక పూట ఒక జట్టుది. ఆ పూటకు ఒక్కసారే వల వేయాలి. చేప పడినా పడకపోయినా వంతు అయిపోయినట్టే. అందుకని వల వేసేకన్నా ముందు నీళ్ళు చూడటమే పెద్ద పని. ఎక్కడ నీటి రంగు మారింది, ఎక్కడ పక్షి దిగింది అని ఇసకదిబ్బ మీంచి కనిపెట్టి చూస్తారు. ఎండ నడినెత్తికొచ్చేదాకా వల వేయకపోతే వంతు రెండో జట్టుకు పోతుంది.

ముత్యాలయ్యకు వరసగా ఉత్త వలలే వస్తున్నాయి. జట్టులో కొందరు అప్పటికే చెన్నై హార్బరులో పనికి వెళ్ళిపోయారు. అంకాలమ్మ తమ్ముడు పెంచల్, మిగిలినవాళ్ళు ఆగింది ఈ ఒక్క వల కోసమే. ఇదీ ఉత్తదే అయితే సాయంత్రం బస్సుకు వాళ్ళూ పోతారు. అప్పుడు ముత్యాలయ్యకు వల ఉంటుంది, లాగే మనుషులుండరు.

"మూటలు కట్టి పెట్టినారు. చూడు, అదో," అని అంకాలమ్మ గడప పక్కనున్న సంచులు చూపించింది. అందులో ఒకటి తన తమ్ముడిదేనన్న మాట ఆమె గొంతులో తెలిసిపోయింది.

షమీమ్ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఒడ్డుకు వెళ్ళింది. ఉత్తరంగా మొగ దాటి ఆవలి పాలెం దాకా నడవాలని ఆ రోజు వాళ్ళ ఆలోచన. దారి ఉందో లేదో చూసుకోవాలి. ముత్యాలయ్య ఇసకదిబ్బ మీద నిలబడి ఉన్నాడు. మొగ చూసుకోవడానికి ఎగరేస్తానని ఆమె అడిగింది. అతను నీళ్ళ మీంచి చూపు తిప్పకుండానే తలూపి, అట్నే నీళ్ళు కూడా చూడమన్నాడు.

"నీళ్ళు నాకు తెలవదు అన్నా. మొగ వరకే," అంది షమీమ్.

కొంచెం ఎడంగా తమ పడవ నీడలో ఆండ్రూ జట్టు కూర్చుని ఉంది. తమ వంతు కోసం చూసేవాళ్ళు ఎలా కూర్చుంటారో అలాగే, బద్ధకంగా, కానీ అన్నీ గమనిస్తూ కూర్చున్నారు. షమీమ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. వంతు ముత్యాలయ్యది కదా, అతన్ని అడిగితే చాలనుకుంది.

చాప మీంచి డ్రోన్ లేచింది. జుమ్మని కాసేపు మోగి, గాలిలో ఆ మోత కలిసిపోయింది. ఉషారాణి షమీమ్ భుజం మీంచి ఫోన్ తెర చూస్తూ నిలబడింది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం ఆమెకు కొత్తగానే ఉంటుంది. కాళ్ళ కింద గరుకుగా తగిలే ఇసక పైనుంచి చూస్తే పట్టుగుడ్డలా మెత్తగా కనిపిస్తుంది. నురగ ఒడ్డు పొడవునా కుట్టిన అంచులా ఉంటుంది. తెరలో ఒడ్డు జరుగుతూ పోయింది. అలలు విరిగే చోటికి కాస్త అవతల, ఆకుపచ్చ నీళ్ళలో ఒక నల్లటి మరక కనిపించింది. మేఘం నీడ అనుకుందామంటే ఆకాశంలో మేఘం లేదు. ఆ మరక వెడల్పయింది, మళ్ళీ దగ్గరికి ముడుచుకుంది.

"అక్కా, అదో, చూడు," అంటూ ఉషారాణి చెయ్యెత్తి, తెర మీద కాదు, సముద్రం మీదకే వేలు చూపించింది.

షమీమ్ ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది. అప్పటికే ఆలస్యమైపోయింది. దిబ్బ మీద ముత్యాలయ్య ఆ వేలునీ, వేలు చూపిన నీళ్ళనీ చూశాడు. కాసేపు కళ్ళు చిట్లించి అటే చూసి, చేపల గుంపని ఒక్క కేక వేశాడు. పెంచల్, మిగిలినవాళ్ళు పడవ దగ్గరికి పరుగెత్తారు.

షమీమ్ డ్రోన్‌ను మొగ దాకా పంపి చూసింది. ఇసక మేట వేసి ఉంది, మోకాటి లోతున దాటొచ్చు. వెనక్కి రప్పించి, చాప మీద దించి, రెక్కలు మడిచింది. ఇదంతా ఏ తొందరా లేకుండా చేసింది. తిట్టినా బాగుండేదనిపించింది ఉషారాణికి. తప్పయిపోయింది అక్కా అనబోయింది.

"అది తర్వాత," అంది షమీమ్. సంచీ వీపున వేసుకుని ఆండ్రూ జట్టు వైపు నడిచింది.

ఆమె ఎందుకు వెళుతున్నదో ముత్యాలయ్యకు అర్థమైంది. దిబ్బ దిగి వచ్చాడు. "యాడికి పోతుండావు మా?"

"చెప్పేదానికి."

"నా వంతులో వాళ్ళకేంది చెప్పేది?"

"నీ వంతు నీదే అన్నా. యంత్రం నాది. అది చూసింది నువ్వొక్కడివే తీసుకుంటే, నేను నీ జట్టు మనిషినైపోతా. మళ్ళా ఈ ఒడ్డున ఆళ్ళ మొహం ఎట్ట చూసేది?"

"నా జట్టు పోతుండాది సాయంత్రానికి," అన్నాడు ముత్యాలయ్య. గొంతు పెంచలేదు. "నా ఇంట్లో టీ తాగి, నా ఎదురుగానే."

షమీమ్ నిలబడి అతని మొహంలోకి చూసింది. ఆ ఇంటి గడప ఇంక తొక్కనక్కర్లేదని అతను అనేయొచ్చు. అనేందుకు సిద్ధంగానే ఉన్నాడు. అది ఆమెకూ తెలుసు.

"అందుకే నీకు చెప్పి పోతుండా," అని, ముందుకు నడిచింది.

ఆమె చెప్పిందంతా ఆండ్రూ విన్నాడు. యాభై దాటిన మనిషి, మెడలో శిలువ, పళ్ళ మధ్య సగం కాలిన బీడీ. మొగ చూడబోతే నీళ్ళలో మరక కనిపించిందనీ, తన పక్కనున్న మనిషి వేలు చూపించిందనీ, అది చూసే పడవ దింపుతున్నారనీ షమీమ్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎగరేసే ముందు మిమ్మల్ని కూడా అడగాల్సింది, అడగలేదు, అదీ తన పొరపాటే అంది. ఉషారాణి మీదకు తోయలేదు.

ఆండ్రూ లేచి, ముత్యాలయ్య వినేలా అన్నాడు. "మీ జట్టుకి ఆకాశంలో కూడా మనుషులుండారే అన్నా. మాకు చెప్పనే లేదే."

"నేనడిగినానా? ఆ యమ్మ చెయ్యి చూపిచ్చింది, నా కళ్ళు చూసినాయి."

"మా వంతుకి ఆ యమ్మ నెల్లూర్లో ఉంటది గదా. అప్పుడు మాకెవురు చూపిస్తారు?"

రెండు జట్ల మనుషులూ చుట్టూ చేరారు. పడవ సగం నీళ్ళలో, సగం ఇసకలో ఆగిపోయింది. దిబ్బ మీంచి చూసి వేసే వలేగానీ ఇంకెట్లా చూసి వేయకూడదని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే ఇంకెట్లా అయినా చూడొచ్చని ఎవరికీ తట్టలేదు. దాని మీద తలొక మాట లేచింది. పెంచల్ పడవ అంచు పట్టుకుని, వల వేసేది లేదంటే ఇప్పుడే చెప్పమనీ, బస్సుకు టైమవుతుందనీ అరిచాడు. షమీమ్ మధ్యలో నిలబడి ఎవరి తరఫునా మాట్లాడలేదు. వెళ్ళిపోనూ లేదు. వెళ్ళిపోవడం తేలికని, ఆ ఇసకలో అలా నిలబడటమే కష్టమని ఉషారాణికి అప్పుడు తెలిసింది.

అంకాలమ్మ చెంగు బొడ్లో దోపుకుని వచ్చింది. "మీరు తేల్చుకునేలోపల ఆ చేపలు మద్రాసుకు పోతాయి, మన వాళ్ళకంటే ముందే," అంది. ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. మొగుడి వైపు తిరిగి, "నీకుండే మనుషులు ఒక్క తాడుకే సరిపోతారు. రెండో తాడు ఎవురు లాగేది, నేనా?" అని అడిగింది. ఒకసారి తుపాను తర్వాత మనుషులు చాలనప్పుడు రెండు వంతులూ కలిపి లాగి, చెరిసగం పంచుకున్న సంగతి గుర్తుచేసింది. ఈ పూటా అట్లాగే చేయమంది. వల ముత్యాలయ్యది, రెండో తాడు ఆండ్రూది. పడింది సగం సగం. రెండు జట్లకీ వంతు అయిపోయినట్టే.

ఆండ్రూ నీళ్ళ వైపు చూశాడు, ముత్యాలయ్య వైపు చూశాడు. బీడీ ఇసకలో గుచ్చాడు. "సరే, పట్టండి," అన్నాడు.

ముత్యాలయ్య తాడు కొస తీసి ఆండ్రూ చేతికి ఇచ్చాడు.

పడవ అలలు దాటింది. వల జారుతుంటే బెండ్లు ఒకదాని వెనక ఒకటి నీళ్ళ మీద తేలాయి. పడవ చుట్టు తిరిగి ఒడ్డు తాకేసరికి రెండు తాళ్ళ దగ్గరా మనుషులు బారులు తీరారు. షమీమ్ వీపున సంచీ అలాగే ఉంచుకుని ముత్యాలయ్య తాడు పట్టుకుంది. ఉషారాణి ఆమె వెనక పట్టుకుంది. ముత్యాలయ్య చూశాడు కానీ వద్దనలేదు. తాడు మీద చెయ్యి వేసినవాళ్ళను వద్దనే అలవాటు ఆ ఒడ్డున లేదు. లాగినవాళ్ళెవరికైనా ఒక వాటా ఉంటుంది.

తడి తాడు అరచేతులు కోసింది. వెనక్కి వాలి, మడమలు ఇసకలో తన్ని, ఒక్కొక్క అడుగే జరగాలి. ఊపిరి ఎగపోస్తున్నా షమీమ్ లయ తప్పలేదు. కొండలెక్కిన కాళ్ళు అవి. సంచి లాంటి వల నడుమ భాగం అలల్లోకి వచ్చేసరికి నీళ్ళు ఉడుకుతున్నట్టు తెల్లగా పొర్లాయి. ఒక పక్క వల కాస్త లేచి, గుంపులో కొంత జారిపోయింది. ఆండ్రూ వైపు ఎవరో బూతు తిట్టారు, ముత్యాలయ్య వైపు ఎవరో అంతకంటే పెద్దది తిట్టారు. అయినా మిగిలిందాన్ని ఒడ్డుకు లాగేసరికి ఇసక మీద నెత్తళ్ళు, వేలెడంత సన్నచేపలు, వెండిలా కుప్పపడ్డాయి.

చెరిసగం అయ్యాక ముత్యాలయ్య కుప్ప గొప్పగా ఏమీ లేదు. ఉత్త వల మాత్రం కాదు. తన సగాన్ని అతను జట్టుకు పంచుతుంటే అందరి కళ్ళూ పెంచల్ మీదే ఉన్నాయి. పెంచల్ తన వాటా అక్క గంపలో పోసి, వెళ్ళి తడి వల అంచు కిందికి భుజం దూర్చాడు. ఆరబెట్టడానికి మోసుకెళ్ళాలి కదా. మరో ముగ్గురు అతని వెనక భుజాలు దూర్చారు. వల లేచి దిబ్బ వైపు నడిచింది. ముత్యాలయ్య కాసేపు అటు చూసి, తల దించుకుని పంపకం పూర్తిచేశాడు.

ఆండ్రూకు అప్పటికి హుషారు వచ్చింది. పైనుంచి చూసిన దానికి కూడా ఒక వాటా తీయాలన్నాడు. నీళ్ళు చూసే మనిషికి ఇచ్చినట్టే, రెండు కుప్పల్లోంచీ తీద్దామన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు న్యాయమే అన్నారు.

"వద్దు అన్నా," అంది షమీమ్. "దానికి వాటా ఇస్తే, రేపు మీరు పిలిచినప్పుడల్లా అది రావాల. అది నాతో నడిచేదానికి వస్తది, అంతే. నాకు తాడుకి ఇయ్యండి, చాలు."

ఆండ్రూ ఇంకేదో అనబోయి ముత్యాలయ్య వైపు చూశాడు. ముత్యాలయ్య వంగి, తన కుప్పలోంచి రెండు తాటాకు బుట్టల్లో చేపలు పోశాడు. తాడు లాగినవాళ్ళకు ఎంత పోశాడో అంతే, ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఒకటి షమీమ్ ముందు, ఒకటి ఉషారాణి ముందు పెట్టాడు.

"మళ్ళా వచ్చినప్పుడు ముందు ఆండ్రూ కాడికి పో," అన్నాడు. "ఆడ అడిగి, నా కాడికి రా. టీ ఉంటది."

"అట్నే అన్నా," అంది షమీమ్.

పోటు ఎక్కేలోపల మొగ దాటాలని ఇద్దరూ ఉత్తరంగా బయలుదేరారు. పాలెం కనుమరుగయ్యాక ఉషారాణి ఆగి, నా వల్లే ఇదంతా అక్కా అంది. షమీమ్ కాదనలేదు. అరచేతులు సముద్రపు నీళ్ళలో ముంచి, మంట పుడుతుంటే పళ్ళు బిగించి, "నొప్పిగా ఉండాదా నీకు?" అని అడిగింది. ఉందంది ఉషారాణి. "ఉంటదిలే," అని షమీమ్ బుట్ట ఎత్తుకుంది.

మొగ దగ్గర పోటుకు నీళ్ళు అప్పటికే తొడల దాకా వచ్చాయి. షమీమ్ సంచీని నెత్తికెత్తుకుని, బుట్టను చంకలో పెట్టుకుని, అడుగు తడుముకుంటూ ముందు దాటింది. అవతలి ఒడ్డెక్కి వెనక్కి తిరిగి, ఎక్కడ అడుగు వేయాలో చెబుతూ నిలబడింది. ఎడమకి, ఇంకా ఎడమకి, అక్కడ గుంటుంది, ఇప్పుడు రా అని, ఉషారాణి ఇసక తొక్కేదాకా చెబుతూనే ఉంది.